సహ్యాద్రి గోడ మీద సముద్రపు చుట్టం

పడమటి కనుమల్లో, జలపాతం పక్కనుండే తడి బండ మీద బతికే చిన్న నత్త ఒకటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని క్రెమ్నోకాంకస్ అంటారు. శనగగింజంత గుల్ల, ముదురు గోధుమరంగు. పక్కనుంచి నడిచిపోయేవాళ్ళ కంట పడదు. దాని కుటుంబం సంగతి తెలిస్తే మాత్రం ఆగి చూడకుండా ఉండలేం. లిట్టోరినిడే అనే ఆ కుటుంబంలోని నత్తలు సముద్రపు ఒడ్డున ఉంటాయి. అలలు కొట్టే రాళ్ళ మీద, మడచెట్ల మొదళ్ళ మీద వాటి కాపురం. ప్రపంచం మొత్తం మీద ఆ కుటుంబం నుంచి మంచినీటికి వచ్చి స్థిరపడ్డ ప్రజాతి ఇదొక్కటే. ఇది మన దేశంలో తప్ప ఇంకెక్కడా లేదు. మన దేశంలోనూ పడమటి కనుమలు దాటి కనిపించదు.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. మా పాఠంలో నత్త అంటే పైలా. చెరువుల్లో, వరిపొలాల్లో, కొల్లేటి గట్ల మీద దొరికే పెద్ద నత్త. ప్రాక్టికల్స్ రోజున పిల్లలు తమ ఊరి కాలువల్లోంచే ఏరి తెచ్చేవాళ్ళు. దానికి నీళ్ళలో పీల్చుకోవడానికి మొప్ప ఉంది, గాలి పీల్చుకోవడానికి ఊపిరితిత్తి పని చేసే సంచి ఉంది. చెరువు ఎండితే మూత బిగించుకుని బురదలో పడుకుంటుంది, వాన పడగానే లేస్తుంది. వరద వస్తే వరదతో పాటు పోతుంది. అలాంటి ప్రాణి పల్లపు నేలల నిండా విస్తరించడంలో వింత లేదు. ఒక జాతి ఎక్కడెక్కడ ఉంటుంది, అక్కడే ఎందుకు ఉంటుంది అన్న ప్రశ్నకు పైలాను చూపించి జవాబు చెప్పడం తేలిక. ఒక్క కొండకో, ఒక్క లోయకో కట్టుబడి, పక్క లోయలో అడుగు పెట్టని జాతి సంగతేమిటి? ఆ ప్రశ్నకు నల్లబల్ల మీద గీసిన బొమ్మతో నాకెప్పుడూ తృప్తి కలగలేదు. రిటైరయ్యాక ఆ జవాబును కళ్ళతో చూద్దామని బయల్దేరాను.

దసరా వెళ్ళాక విజయవాడలో కోణార్క్ ఎక్కాను. వానలు జోరుమీదున్నప్పుడు కనుమల్లో తడి బండల దగ్గరికి పోవడం ప్రమాదం. వేసవికి వెళితే చాలా ఊటలు సన్నబడి, నత్తలు పగుళ్ళలోకి దూరిపోతాయి. వాన వెనకబట్టి, వాగులు ఇంకా పారుతున్న రోజులే దీనికి అనువు. పుణెలో మా మేనల్లుడు ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. స్టేషనుకొచ్చి నా సంచి అందుకుంటూనే అడిగాడు.

"మావయ్యా, అమ్మ ఫోన్లో ఏదో నత్త కోసం వస్తున్నాడంది. నిజంగా నత్త కోసమేనా?"

"నత్త కోసమేరా. అది నీకు గంటన్నర దూరంలోనే ఉంది. నువ్వు వానాకాలం సెలవులకు పోయే చోటే."

మర్నాడు పొద్దున్నే లోణావ్లా లోకల్ ఎక్కాం. పుణె నుంచి లోణావ్లా దాకా రైలు మెట్టనేల మీద నింపాదిగా పోతుంది. ఆ పక్కన ఖండాలా దాటగానే నేల ఒక్కసారిగా తెగిపోతుంది. దక్కను పీఠభూమి అంచు అది. పైన గడ్డి మైదానాలు, కింద కొంకణపు పచ్చటి పల్లం, మధ్యలో నిలువుగా నల్లరాతి గోడ. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి ఈ బసాల్టు అయింది. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య సందుల్లోంచి నీళ్ళు ఊరుతుంటాయి. దూరం నుంచి చూస్తే గోడ పొడుగునా అడ్డంగా తడి చారలు కనిపిస్తాయి.

ఈ గోడను మనుషులు జయించిన ఏడూ, ఈ నత్తకు పేరొచ్చిన ఏడూ ఒకటే. బొంబాయి నుంచి పుణెకు రైలు ఎక్కించడానికి భోర్ ఘాట్‌లో సొరంగాలు తొలిచి, వేలమంది కూలీల ప్రాణాలు పోయాక, 1863లో ఆ మార్గం తెరుచుకుంది. అదే 1863లో భారత భూగర్భ సర్వే శాస్త్రజ్ఞుడు విలియం బ్లాన్‌ఫోర్డ్ ఈ కనుమల నత్తను వర్ణించి, సహ్యాద్రి పేరు కలిపి సిహాడ్రెన్సిస్ అని పిలిచాడు. క్రెమ్నోకాంకస్ అన్న ప్రజాతి పేరును 1869లో ఖాయం చేసిందీ ఆయనే. రాళ్ళ పొరలు చదవడం ఆయన ఉద్యోగం. రాతి గోడల వెంట నడిచినవాడు కాబట్టే ఆ గోడను కరుచుకున్న ప్రాణి ఆయన కంట పడింది.

మేం వెళ్ళిన బండ ఎక్కడుందో రాయను. గుల్లలు పోగేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్రజాబితాలో ఈ సిహాడ్రెన్సిస్ ప్రమాదంలో పడ్డ జాతుల వరుసలో ఉంది. ఖండాలా చుట్టుపక్కలేనని చెబితే చాలు. కాలిబాట పక్కన నిలువెత్తు రాతిగోడ, దాని మీద సన్నటి జాలు. పక్కనే పెద్ద ధార హోరున పడుతోంది, దాని తుంపర ఇటు తగులుతోంది. సెలవు రోజు కాకపోవడంతో జనం లేరు. మా వాడు ధార వైపు చూస్తున్నాడు. నేను భూతద్దం తీసి ధారకు రెండు బారల ఇవతల, నీళ్ళు పడనూ పడని, ఆరనూ ఆరని జాగాలో వెతకడం మొదలుపెట్టాను.

మొదట కనిపించింది నత్త కాదు, అది మేసిన దారి. బండ మీద పచ్చటి పాచిపొర పరుచుకుని ఉంది. ఆ పొర మీద వంకరటింకరగా, సన్నగా, శుభ్రంగా గీకేసిన చారలు. ఒక చార పట్టుకుని పోతే దాని చివర నత్త ఉంది. శంఖాకారంలో మొన తేలిన గుల్ల, మొన దగ్గర పైపొర అరిగి తెల్లబడింది. గుల్ల కింద నుంచి బూడిదరంగు తల, దానికి రెండు సన్నటి కొమ్ములు, ఒక్కో కొమ్ము మొదట్లో నల్లటి చుక్క. అదే కన్ను. తల ముందుకు చాచి, నోరు బండకు ఆనించి, కాస్త కుడికి, కాస్త ఎడమకు కదుపుతూ గీకుతోంది. నోట్లో పళ్ళ పట్టీ ఉంటుంది, రాడ్యులా అంటాం. ఒక్కో అడ్డవరుసకు ఏడేసి పళ్ళు, అలాంటి వరుసలు వెనక చుట్టగా చుట్టుకుని ఉంటాయి. రాతిని గీకి గీకి ముందు పళ్ళు అరిగిపోతే వెనక వరుసలు ముందుకొస్తాయి. బతికినన్నాళ్ళూ ఆ పట్టీ పెరుగుతూనే ఉంటుంది.

గడ్డిపోచ కొనతో మెల్లగా తాకాను. కొమ్ములు ముడుచుకున్నాయి, తల లోపలికి పోయింది, ఆ వెనకే పలుచటి గోధుమరంగు మూత వచ్చి వాకిలి మూసేసింది. అయినా అది జారి కింద పడలేదు. గుల్ల అంచు బండకు అతుక్కునే ఉంది. దాని మీదుగా నీటిపొర పారుతోంది. ఆ పొర మందం ఒక కాగితమంత కూడా ఉండదు. కాసేపటికి మూత కదిలింది, ఒక కొమ్ము బయటికొచ్చింది, తర్వాత రెండోది. మళ్ళీ మేత మొదలైంది.

మా వాడు నా చేతిలో భూతద్దం తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"మావయ్యా, ఇక్కడ పదిసార్లయినా ఫొటో దిగుంటాను. ఈ గోడకే ఆనుకుని."

"జాగ్రత్తగా చూడు, ఇంకా ఉన్నాయి."

ఉన్నాయి. ఒకటి దొరికాక కన్ను అలవాటు పడింది. పగులు వెంట వరుసగా, నీడపట్టున ఎక్కువగా, ఎండ తగిలేచోట తక్కువగా కనిపించాయి. కొన్నిటి గుల్ల చిన్నది, నువ్వుగింజ కంటే కాస్త పెద్దది. అవి పిల్లలు. ఆ పిల్లల్ని చూపించి మా వాడికి అసలు కథ చెప్పాను.

విశాఖలో పీజీ చదివే రోజుల్లో సముద్రపు ఒడ్డున రాళ్ళ మీద లిట్టోరినా నత్తల్ని లెక్కపెట్టడం మాకు ప్రాక్టికల్. అవి నీళ్ళలో మునిగి ఉండవు. పోటు నీరు తాకీ తాకని ఎత్తులో, అల విరిగినప్పుడు తుంపర మాత్రం తగిలే రాతి మీద ఉంటాయి. అక్కడ ఒక పూట తడి, ఒక పూట ఎండ. ఎండ ముదిరితే మూత వేసుకుని రాతికి అంటుకుపోతాయి, తడి తగలగానే లేచి పాచి గీకుతాయి. ఇప్పుడు ఈ జలపాతం గోడ చూడండి. తుంపర ఉంది, పాచి ఉంది, నిలువు రాయి ఉంది, పూటకో రకంగా మారే తడి ఉంది. ఉప్పు ఒక్కటి లేదు. అల కొట్టే రాతి మీద నేర్చిన విద్యంతా ధార కొట్టే రాతి మీద పనికొచ్చింది. కొంకణ తీరానికీ ఈ కొండగోడకూ మధ్య దూరం కూడా పెద్దదేమీ కాదు, ఎత్తైన చోట నిలబడితే ఆకాశం తేటగా ఉన్న రోజున పడమట సముద్రం మెరుస్తుంది. ఆ కుటుంబంలోని ఒక శాఖ తరతరాలుగా వాగుల వెంట పైకి జరిగి, ఉప్పును వదులుకుని, కొండదైపోయింది.

వదులుకున్నది ఉప్పొక్కటే కాదు. సముద్రంలోని చుట్టాల్లో చాలావాటి పిల్లలు గుడ్డులోంచి డింభకాలుగా బయటపడి, నీళ్ళలో తేలుతూ, ప్రవాహం ఎటు తీసుకెళితే అటు పోతాయి. ఒక రేవులో పుట్టింది ఎక్కడో దూరపు రేవులో పెద్దవుతుంది. అందుకే సముద్రపు నత్తల్లో కొన్ని జాతులు ఖండాల పొడుగునా ఉంటాయి. కొండవాగులో తేలే పిల్ల ఏమవుతుంది? ఒక్క వరదకు కిందికి కొట్టుకుపోతుంది. అందుకని ఈ నత్త తేలే దశను మానుకుంది. పిల్ల గుడ్డులోనే నత్త రూపం దిద్దుకుని, తల్లి మేసిన బండ మీదే పాకడం మొదలుపెడుతుంది. బతుకు దక్కింది, ప్రయాణం పోయింది. ఈ లోయ నుంచి పక్క లోయకు పోవాలంటే మధ్యలో ఉన్న ఎండు గుట్టను దాటాలి. అది దాని వల్ల కాదు. అలా ఎక్కడివక్కడ ఆగిపోయి, కాలం గడిచేకొద్దీ ఎక్కడివక్కడ వేరు జాతులైపోయాయి. నేను ఇన్నేళ్ళూ వెతికిన జవాబు ఆ నువ్వుగింజంత పిల్లల్లో ఉంది.

పుణె నుంచి మహాబలేశ్వర్ కూడా వెళ్ళాను. ఈ ప్రజాతిలో మొట్టమొదట పేరు పొందిన జాతి ఆ కొండలదే. 1855లో ఎడ్గర్ లేయార్డ్ దాన్ని కారినేటస్ అని వర్ణించాడు. అయితే దాన్ని అమెరికా నదుల్లో ఉండే అంకులోటస్ అనే ప్రజాతిలో కలిపాడు. ఆనాటికి వర్గీకరణకు గుల్ల ఆకారమే ఆధారం. తర్వాత వచ్చినవాళ్ళు లోపలి శరీరాన్ని, పళ్ళ పట్టీని చూశాక సముద్రతీరపు చుట్టరికం బయటపడింది. ఆ పనికి తొలి అడుగులు వేసినవాళ్ళలో ఫెర్డినాండ్ స్టొలిజ్కా ఒకరు. 1871లో ఈ నత్త శరీర నిర్మాణం మీద రాశాడు. మహాబలేశ్వర్‌లో కృష్ణమ్మ పుట్టే గుడి దగ్గర తెలుగు మాట చాలా వినిపించింది. గోముఖం నుంచి పడే నీళ్ళు సీసాల్లో పట్టుకుంటున్నారు. ఆ నీరు తూర్పుకు తిరిగి మన ప్రకాశం బ్యారేజీ దాకా వస్తుంది. అదే కొండ పడమటి అంచున పడ్డ వాన సావిత్రి నదిగా మారి అరేబియా సముద్రానికి పోతుంది. మా వాడికి చెప్పాను, మనవాళ్ళు తూర్పు నీటి కోసం ఇంత దూరం వస్తారు, నేను పడమటి గోడ కోసం వచ్చానని.

అక్కడి నుంచి దక్షిణానికి నా ప్రయాణం ఒంటరిది. కొల్హాపూర్, బెళగావి, హుబ్బళ్ళి మీదుగా శివమొగ్గకు బస్సు. రోడ్డు కనుమలకు తూర్పుగా పోతుంది, కుడివైపు దూరంగా కొండల వరస కనిపిస్తుంటుంది. ఆ వరస చూస్తూ నేను ఆలోచించింది ఒక ఖాళీ గురించి. మహాబలేశ్వర్‌కూ ఆగుంబెకూ మధ్య నేరుగా గీత గీస్తే దాదాపు 500 కిలోమీటర్లు. ఉత్తరాన మహారాష్ట్రలో ఈ నత్తలు ఒక గుంపు, దక్షిణాన కర్ణాటకలో ఇంకో గుంపు. నడుమ గోవా వెనకా, కార్వార్ వెనకా ఉన్న కనుమల్లో వీటి జాడ నమోదు కాలేదు. ఆ భాగంలో కొండల ఎత్తు తగ్గుతుంది, గోడ అంత నిటారుగా ఉండదు. రాయి కూడా మారుతుంది, బెళగావి దాటాక బసాల్టు పోయి దానికంటే ఎంతో పాతదైన నైస్, షిస్టు రాళ్ళు వస్తాయి. అక్కణ్ణుంచి దక్షిణంగా పోగా పోగా గోడ మళ్ళీ లేస్తుంది. ఆ లేచినచోటే ఆగుంబె.

శివమొగ్గ నుంచి తీర్థహళ్ళి దాకా వక్కతోటలు, ఆపైన అడవి. ఆగుంబెలో ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మా కృష్ణా జిల్లాలో సుమారు 1,000. దేశంలో రాచనాగుల మీద పరిశోధనకు రొములస్ విటేకర్ 2005లో కేంద్రం పెట్టింది ఈ ఊళ్ళోనే. మాల్గుడి డేస్ సీరియల్ తీసిన పెద్ద మండువా ఇల్లు ఇప్పటికీ ఉంది, చూసేందుకు జనం వస్తూనే ఉన్నారు. నేను దిగిన సాయంత్రం కూడా వాన పడింది. వానలు వెనకబట్టాయన్న మాట ఆగుంబెకు వర్తించదని ఆ సాయంత్రం తెలిసింది.

మర్నాడు ఒక జీపు మాట్లాడుకున్నాను. డ్రైవరు కుర్రవాడు. శృంగేరి, హొరనాడు, ఉడుపి తిరిగే మన యాత్రికుల పుణ్యమా అని తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. నత్త అంటే అర్థం కాలేదు. ఫొటో చూపించాను.

"ఓ, బసవన హుళు! సార్, ఇవి మా తోటలో కూడా ఉంటాయి. వక్క మొక్కలు తింటాయి, ఉప్పు చల్లి చంపుతాం."

"అవి వేరు బాబూ, నేలమీద తిరిగేవి. ఇది ధార పక్కన రాతికి ఉంటుంది. పాచి తప్ప ఏమీ తినదు."

"పంటకు నష్టం లేదా?"

"ఏ పంటకూ లేదు."

"అట్లయితే పాపం, ఉండనీ సార్," అన్నాడు.

ఆగుంబె ఘాట్ రోడ్డు పద్నాలుగు మలుపులతో సోమేశ్వర వైపు దిగుతుంది. మలుపు మలుపుకూ రోడ్డు పక్కన కొండ కోసిన గోడ, ఆ గోడ మీద నీళ్ళు. ఇది అభయారణ్యం, దిగి అడవిలోకి పోవడానికి లేదు. పోవలసిన అవసరమూ లేదు. బండి పక్కకు ఆపి, ఆపడానికి వీలున్నచోట గోడ దగ్గరికి నడిచి చూశాను. మొదట కనిపించినవి తోకకప్పలు. ఇండిరానా అనే కప్పల పిల్లలు ఇవి. చెరువులో ఈదే తోకకప్పల్ని ఎరిగిన మనకు, నీళ్ళ బయట నిలువు రాతిని కరుచుకుని పాచి మేసే తోకకప్ప నమ్మశక్యం కాదు. తాకబోతే ఎగిరి దూకాయి. వాటి పక్కనే, మెత్తటి పాచి మొలిచిన పగుల్లో నత్తలు. ఖండాలాలో చూసినవాటి కంటే వీటి గుల్ల గుండ్రంగా, బొద్దుగా ఉంది. రంగు గచ్చకాయ వన్నెకు దగ్గర. కదలిక మాత్రం అదే. అదే మేత, అదే చార, తాకితే అదే మూత.

ఈ దక్షిణపు గుంపు సంగతి లోకానికి తెలిసింది ఇటీవలే. ఉత్తరాన ఉన్న మూడు జాతులూ 19వ శతాబ్దం నుంచి తెలిసినవే. కర్ణాటక కనుమల్లో ఉడుపి ఆచార్యుడు ఎన్.ఎ. మధ్యస్థ, బెంగళూరు ఏట్రీ సంస్థకు చెందిన ఎన్.ఎ. అరవింద్ ధార ధారకూ తిరిగి వెతికారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో లిట్టోరినిడే కుటుంబాన్ని జీవితమంతా చదివిన డేవిడ్ రీడ్ వాళ్ళతో కలిశాడు. 2013లో ముగ్గురూ కలిసి ఆరు కొత్త జాతుల్ని వర్ణించారు. దాంతో మొత్తం తొమ్మిదయ్యాయి. ఆ ఆరింటిలో ఒకటి ఆగుంబె పేరు పెట్టుకుంది, ఒకటి హనుమంతుడి పేరు. ఈ నత్తలుండేది సుమారు 300 మీటర్ల నుంచి 1,400 మీటర్ల ఎత్తు దాకా, ఎక్కువగా పడమటి గోడ మీద, ఏడాది పొడుగునా తడి ఆరని చోట్ల. కొన్ని జాతుల రాజ్యమంతా ఒక లోయ, ఆ లోయలో నాలుగైదు ధారలు. ఇలాంటి జాతుల్ని గుల్ల చూసి అక్కడికక్కడ తేల్చడం సరికాదు, లోపలి నిర్మాణం చూడాలి. అందుకే నేను ఘాట్‌లో చూసినదాని పేరు ఇక్కడ రాయడం లేదు.

కుద్రేముఖ్ అడవుల్లోని హనుమాన్‌గుండి జలపాతానికి కూడా ఆ జీపులోనే వెళ్ళాను. అటవీశాఖ టిక్కెట్టు కొని మెట్లు దిగాలి. నీళ్ళు మెట్టు మెట్టుగా బండ మీంచి జారుతూ దిగుతాయి. అక్కడ అర్థమైంది, ధార మొత్తం వీటికి పనికిరాదని. నడిధారలో నీళ్ళ బలానికి పాచి కూడా నిలవడం లేదు. కింది మడుగులో చేపలున్నాయి. ఎండ పడే పక్కబండ పొడిగా ఉంది. ఈ మూడింటికీ మధ్య, తుంపర తగిలే జానెడు, మూరెడు వెడల్పు పట్టీ ఒకటి ధార పొడుగునా రెండు పక్కలా ఉంది. నత్తలన్నీ ఆ పట్టీలోనే. దేశపటం మీద ఈ ప్రజాతి విస్తృతిని రంగుతో పులిమితే ఖండాలా నుంచి కుద్రేముఖ్ దాకా వందల కిలోమీటర్లు కనిపిస్తుంది. నిజంగా అవి బతుకుతున్న నేలనంతా కలిపితే ఎంత వస్తుందో ఆ మూరెడు పట్టీ చూస్తే తెలుస్తుంది. పటం మీద రంగు మనల్ని ధీమాగా ఉంచుతుంది. ఆ ధీమాకు ఆధారం లేదు.

నాకు కలిగిన బాధ కూడా రాయాలి. ఉత్తరాన ఒక ధార దగ్గర ఆ మూరెడు పట్టీ మీద షాంపూ పొట్లాలు అంటుకుని ఉన్నాయి. దక్షిణాన ఒక మలుపులో ఊటను గొట్టంలోకి మళ్ళించి రోడ్డుకు దించారు, దాని కింద గోడ ఎండి తెల్లబారింది. మరోచోట రోడ్డు వెడల్పు చేయడానికి తడి గోడను చెక్కి, విరిగిపడకుండా సిమెంటు పూశారు. ఇంకోచోట కార్లు కడుగుతున్నారు, నురగ బండ మీదుగా దిగుతోంది. చేసేవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. గోడ జారి బస్సు మీద పడకూడదన్నది న్యాయమైన భయం. ఊళ్ళో గొంతు తడవాలన్నది న్యాయమైన అవసరం. కానీ ఆ గోడ మీద ఒక ప్రాణి ఉందని, ఆ లోయలో పోతే అది భూమ్మీదే పోయినట్టని వాళ్ళకెవరూ చెప్పలేదు. పైలాకు చెరువు పూడితే పక్క చెరువుంది. దీనికి పక్క లోయ లేదు. పక్క లోయలో ఉన్నది దీని దాయాది, ఇది కాదు.

పడమటి కనుమల్ని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ గుర్తింపు పులికి, సింహవాలపు కోతికి, రాచనాగుకు పనికొస్తోంది, రావలసిందే. మూరెడు పట్టీకి పనికొచ్చేది మాత్రం ఆ రోడ్డు మీద తిరిగే మనిషి తెలివిడి. రోడ్డు పని మొదలుపెట్టే ముందు తడి గోడల్ని గుర్తించి, ఊటకు దారి వదిలి, సిమెంటు వేయక తప్పనిచోటే వేస్తే చాలామటుకు కాపాడవచ్చు. తాగునీటికి గొట్టం వేసినా, కొంత జాలును గోడ మీదుగా పారనివ్వవచ్చు. ఇది ఖర్చుతో కూడిన పని కాదు. ఏది కాపాడుతున్నామో తెలియాలి, అంతే.

మనవాళ్ళకు ఇందులో భాగం ఉంది. పుణెలో, ముంబైలో ఉద్యోగాలు చేసే తెలుగు పిల్లలు వానాకాలం వచ్చిందంటే లోణావ్లా ఎక్కుతారు. శృంగేరి శారదమ్మను చూసి ఉడుపి కృష్ణుడి దగ్గరికి పోయే కుటుంబాలు ఆగుంబె ఘాట్ దిగుతాయి. ధార కింద తడిసినా సబ్బు, షాంపూ వాడకండి. పక్కబండ మీద పేర్లు గీకకండి, రాళ్ళు పెళ్ళగించకండి. నత్త కనిపిస్తే ఫొటో తీసుకుని, చోటు, తేదీ రాసిపెట్టుకుని, గుల్లను అక్కడే వదిలేయండి. మా మేనల్లుడు ఇప్పుడు స్నేహితుల్ని తీసుకెళ్ళినప్పుడల్లా ఆ గోడ దగ్గర ఆపి భూతద్దం చేతికిస్తున్నాడట. ఫోన్లో చెబితే నాకు పాఠం చెప్పిన తృప్తి కలిగింది.

ఇక మన అధ్యాపకులకు ఒక మాట. కర్ణాటకలో ఆ ఆరు జాతులూ 2013 దాకా పేరు లేకుండా బతికాయి. రోజూ బస్సులు తిరిగే రోడ్డు పక్కనే ఉన్నాయి. బయటపెట్టింది ఓపికగా ప్రతి ధారకూ పోయి వంగి చూసిన మనుషులు. మన తూర్పు కనుమల్లోనూ ఊట గోడలున్నాయి. అరకు దారిలో, పాపికొండల్లో, నల్లమల సెలయేళ్ళ దగ్గర ఏడాదంతా తడి ఆరని బండలు నేను చూశాను. వాటి మీద ఏయే నత్తలున్నాయి, ఏ వాగు నుంచి ఏ వాగు దాకా ఉన్నాయి అన్న లెక్క మన కాలేజీల జంతుశాస్త్ర విభాగాలు చేయగలవు. ఒక భూతద్దం, ఒక నోటుపుస్తకం, వానలు వెనకబట్టాక కొన్ని ఆదివారాలు చాలు. మన లోయల పటం మనమే గీసుకోవాలి. రోడ్లూ గొట్టాలూ ఆ బండల దాకా రాకముందే ఆ పని మొదలుకావాలి.